నీళ్ళపాలు కావలసిన మాట

ఫైలు 88. పొద్దుటి పోటు. పడమటి గాలి.

మళ్ళీ గాలిపటం. దాని తోకకి కట్టిన ఏంటెన్నా తీగ మెట్ట మీది టవరుకి అందేంత ఎత్తు లేస్తేగానీ వీడియో ఫైళ్ళు కదలవు. ఇవాళ రెండుసార్లు నీళ్ళలో పడింది. ఈ ఊళ్ళో ఇళ్ళన్నీ సముద్రం మీద తేలే పంట్ల మీదే. పక్క పంటు మీద చేపలు ఆరేస్తున్న ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నవ్వుకోనీ. ఇంత చదువూ చదివి, ఈ వయసులో గాలిపటాలు ఎగరేస్తుంటే నాకే నవ్వొస్తోంది, వాళ్ళ తప్పేముంది.

ఫైళ్ళు వెళ్ళిన కాసేపటికే విభాకర్ గారి జవాబు వచ్చింది. మనుషుల బతుకుల్ని వీడియోల్లో భద్రపరిచే జీవన సంగ్రహంలో ఆయన నాకు పై అధికారి. ఎండిన నేల మీద, ఫ్యాను కింద కూర్చుని నా వీడియోలు చూడటం ఆయన ఉద్యోగం. ఆయనకి ఇంతవరకూ ఒక్కటీ నచ్చలేదు. అందరూ కెమెరా వైపే చూస్తున్నారట, నటిస్తున్నారట, సహజత్వం లేదట. కెమెరా ఉన్నది నా నుదుటి మీద, బొట్టంత, అచ్చం బొట్టులాగే. నాతో మాట్లాడేవాళ్ళు నా మొహం చూడక నా చెప్పులు చూస్తారా?

పైగా కొత్త ఆజ్ఞ ఒకటి. తీసిన వీడియోని ఆ మనుషులకే తిరిగి చూపించాలి. చూస్తున్నప్పుడు వాళ్ళ మొహాలూ మాటలూ మళ్ళీ తీయాలి. దానికి 'చూపింపు' అని పేరు పెట్టారు. చూపింపు లేని పరిశోధన సంగ్రహంలోకి ఎక్కదు. అంటే నేనిక్కడ రెండు తుఫాను కాలాలు తడిసి ముద్దయి తీసినదంతా చెత్తబుట్టకి.

మధ్యాహ్నం ధనకొండ అన్నం తెచ్చింది. నా పక్క పంటు పిల్ల. ఇరవై దాటాయి, నా అన్నవాళ్ళెవరూ లేరు, తన పంటు మీద ఒక్కతే ఉంటుంది. నేను వచ్చిన నాటి నుంచీ నాకు వండిపెడుతోంది. కూర నోట్లో పెట్టుకుంటే ఉప్పు కషాయం. చుట్టూ ఉన్న సముద్రం చాలదా, కూరలో కూడా పోశావా అన్నాను. రోజూ అనే మాటే. రోజూలాగే మూతి మూడు వంకర్లు తిప్పి వెళ్ళింది.

ఫైలు 93. పాటు మొదలైంది.

పోలయ్య పోయాడు. సాయంత్రం కాగానే పంటు పంటుకీ దాటుకుంటూ మూల దీపాలు వెలిగించే ముసలాయన. దీపాలు లేకపోతే లాంచీలు వచ్చి గుద్దుకుంటాయి. ఇవాళ వాటిని ఎవరు వెలిగించాలో తెలియక అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఈ ఊళ్ళో నేల లేదు కాబట్టి శవాన్ని నీళ్ళకే ఇస్తారు. దానికి ముందు శోకం ఉంటుంది. శోకం గురించి ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాను, 'సావొత్తే సూద్దువుగాని' అంటూ వచ్చారు. ఇవాళ చూశాను, తీశాను.

పోలయ్య భార్య మరిడమ్మ పంటు అంచున కూర్చుని, జుట్టు విరబోసుకుని, కాళ్ళు నీళ్ళలో పెట్టింది. ఊరంతా వెనక నిలబడింది. పోయినవాడి గురించి మంచీ చెడ్డా, దాచుకున్నదీ మింగుకున్నదీ, అన్నీ గొంతెత్తి రాగం తీస్తూ చెప్పింది. నా పొయ్యి ఒక్కనాడైనా వెలిగించావా, ఊరి దీపాలు మాత్రం మానలేదని తిట్టింది. ఆ తర్వాత ఆమె అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను:

"ఆ గాలివాన నాడు దీపం పట్టింది నువ్వే కదా మావా. ఆ పంటు మునిగిపోతా మనందర్నీ లాగేత్తా ఉంటే, పిల్లనందుకుంది నువ్వే కదా. నా తమ్ముడు మోకు నరికేశాడు. తల్లి సెయ్యి ఇంకా సాపే ఉంది మావా. నీ దీపం ఎలుగులోనే కదా నరికాడు. ఆనాటి నుంచీ దీపం ముట్టించినప్పుడల్లా ముందు నీళ్ళలోకి వంగి సూసేవోడివి. నేను సూడలేదనుకున్నావు."

మరిడమ్మ తమ్ముడంటే నాగూరు. ఈ ఊరి మోకులన్నీ అతని చేతిలో ఉంటాయి. పంట్లని ఒకదానికొకటి, అన్నిటినీ కలిపి మునిగిన ఊరి వాటర్ ట్యాంకు స్తంభాలకి కట్టేదీ, గాలివానలో కాసేదీ అతనే. నా అన్నవాళ్ళు లేని ఆ పిల్ల ధనకొండే. ఇద్దరూ అక్కడే, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో నిలబడి ఉన్నారు.

శోకం అయ్యాక అందరూ దోసెడు నీళ్ళు తీసుకుని, పుక్కిలించి, సముద్రంలో ఉమ్మేశారు. అంతే. శోకంలో మాట నీళ్ళపాలు అంటారు. ఇక ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. ధనకొండ కూడా ఉమ్మేసింది. సాయంత్రం నాగూరు ఎప్పటిలాగే ఆమె పంటు మోకు ముడి లాగి చూడటానికి వచ్చాడు. ఆమె ఎప్పటిలాగే గ్లాసుడు గంజి ఇచ్చింది. అతను తాగి, గ్లాసు కడిగి ఇచ్చి వెళ్ళాడు.

నేను ఆగలేక, నీ వాళ్ళని ముంచినవాడికి గంజి ఎలా పోశావు అని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసి, ఏ మాట గురించి అడుగుతున్నావంది. నాకు బంగారం దొరికినట్టయింది. విభాకర్ గారు చచ్చినట్టు ఒప్పుకుంటారు.

ఫైలు 97. పున్నమి పోటు.

మరిడమ్మ తనంతట తానే నా దగ్గరికి వచ్చింది. ఇక్కడి ఉప్పుగాలికి ఫొటోలు నిలవవు, ఏ ఇంట్లోనూ పోయినవాళ్ళ బొమ్మ ఉండదు. మొగుడి మొహం ఒక్కసారి చూపించమంది. శోకం మొదలయ్యే ముందు ఆపెయ్యమంది. సరే అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో ఇప్పుడు గుర్తొస్తే నాలుక కోసుకోవాలనిపిస్తోంది.

ఆమె పంటు మీద పాత తెరచాప కట్టారు. ఊరంతా వచ్చింది. తెర మీద పోలయ్య మొహం పడగానే మరిడమ్మ లేచి వెళ్ళి చేత్తో తడిమింది. గెడ్డం సరిగా గియ్యలేదు ఎదవలు అంది. అందరూ ఏడుస్తూనే నవ్వారు. నా కెమెరాకి ఇంతకన్నా మంచి దృశ్యం ఎప్పుడూ దొరకలేదు. అక్కడ ఆపాలి.

ఆపలేదు. మర్చిపోయానని రాసుకుంటే బాగుండును గానీ మర్చిపోలేదు. ఆ మాట వింటున్నప్పుడు ధనకొండ మొహం కావాలి నాకు. నాగూరు మొహం కావాలి. అది లేకపోతే చూపింపు ఏముంది?

తెరచాపలోంచి మరిడమ్మ గొంతు వచ్చింది. నా తమ్ముడు మోకు నరికేశాడు అంది. తల్లి చెయ్యి ఇంకా చాపే ఉంది అంది. బతికున్న మరిడమ్మ తెర పక్కనే నిలబడి తన గొంతు తానే వింది. ఎవరూ కేకలు వెయ్యలేదు. ఒక ముసలమ్మ కంగారుగా దోసెడు నీళ్ళు తీసుకుని పుక్కిలించబోయింది. మరిడమ్మ ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

"ఎవరి శోకమని ఉమ్ముతున్నావే?"

ముసలమ్మ వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారిపోయాయి. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. ధనకొండ కూర్చునే ఉంది. నాగూరు కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. నా బొట్టు ఇద్దరినీ చక్కగా తీసింది.

ఫైలు 98. గాలి లేదు. ఉక్క.

రేడియోలో అల్పపీడనం అన్నారు. రెండు మూడు రోజుల్లో బలపడొచ్చట.

ధనకొండ అన్నం పెట్టి మాట్లాడకుండా వెళ్ళబోతుంటే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. అన్నది మెషీను కదా, మనిషి కాదు కదా అని వాదించాను. ఆమె తల అడ్డంగా ఊపింది. నోరు మరిడమ్మ పిన్నిది, గొంతు పిన్నిది, అక్కడ శవం లేదు, కాళ్ళు నీళ్ళలో లేవు అంది. శోకం బయట ఆ మాట మళ్ళీ పలికింది కాబట్టి మాట బతికింది. బతికిన మాట ఎవరికి తగిలిందో వాళ్ళు, ఆ పని చేసినవాళ్ళని అడిగి తీరాలి. అడిగాక ఆ ఇద్దరూ ఒకే మోకు మీద ఉండకూడదు. పంట్ల పడమటి వరసలో పన్ను ఊడినట్టు ఒక ఖాళీ ఉంటుంది. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పేవారు కాదు. ఇప్పుడు ధనకొండ చెప్పింది. అక్కడ ఉండే ఒకడు తాగిన మైకంలో, మేనత్త శోకంలో విన్న మాట పైకి అన్నాడట. అతని కుటుంబం ముడి విప్పుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత వాళ్ళని ఎవరూ చూడలేదు.

ఇప్పుడు ధనకొండ నాగూరుని అడగాలి. అడిగాక ఇద్దరిలో ఒకరు ముడి విప్పుకోవాలి. నాగూరు వెళ్తే తుఫానులో మోకులు కాసేవాడు లేక ఊరు ఊరంతా పోతుంది. అందుకని తనే వెళ్తుందట. ఒంటరి పంటు, ఒంటరి మనిషి, నెత్తిన అల్పపీడనం. ఇదంతా బియ్యం ఏరుతూ, రేపు కూరేం వండాలో చెప్పినట్టు చెప్పింది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. అయినా నీ తల్లిని చంపిన సంగతి నీకు ఇప్పటిదాకా తెలియనట్టు మాట్లాడతావేంటి అన్నాను. అప్పుడు చేట కింద పెట్టింది.

"తెలీదనుకున్నావా అక్కా? ఊళ్ళో పోయినోళ్ళందరి శోకంలోనూ ఇన్నాను. ఇన్నదాన్ని ఇననట్టు బతకడానికే కదా శోకం. నాగూరు మావయ్య సేతి కూడు తిని పెరిగాను. ఇప్పుడెలా బతకమంటావో నువ్వే సెప్పు."

ఆమె కళ్ళు తుడుచుకోలేదు. నేనే లేచి అటు తిరిగి గాలిపటం దారం చుట్టుకుంటూ ఏడ్చాను.

ఫైలు 100. ఈశాన్యపు గాలి. ఆకాశం రాగిరంగు.

పెద్దలు మరిడమ్మ పంటు మీద కూర్చున్నారు. నన్నూ పిలిచారు. అందరి ముందూ, ఇంకా పైకి పంపని ఆ ఫైళ్ళని చెరిపేశాను, శోకానిదీ, చూపింపుదీ. చూడండి, ఇక ఎక్కడా లేదు అన్నాను. చిన్నపిల్ల చేసిన పనిని చూసినట్టు జాలిగా చూశారు. మా చెవుల్లోది కూడా చెరిపేస్తావా అని అడిగింది మరిడమ్మ.

బతికిన మాటని మళ్ళీ నీళ్ళలో కలపాలంటే దారి లేదా అని అడిగాను. ఉందన్నారు. ఇంకో శోకంలో ఆ మాట అడిగి, జవాబు చెప్పుకుని, ఉమ్మేస్తే పోతుంది. కానీ శోకానికి శవం కావాలి. తుఫాను వచ్చేలోగా చావబోయేవాళ్ళెవరూ ఊళ్ళో లేరు. తను ఎప్పటి నుంచో సిద్ధమేనని, పైవాడే తీసుకుపోవడం లేదని ఆనాటి ముసలమ్మ ఆకాశం వైపు చూపించింది.

ధనకొండ పంటు మీద నీళ్ళ డబ్బాలు కట్టి ఉండటం అక్కడి నుంచే కనిపిస్తోంది. మోకు ముడి సగం వదులు చేసి ఉంది. నాగూరు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

పోనీ నేను చచ్చాననుకుని ఏడవండి అన్నాను.

విసుగులో అన్నాను. తెలివైన ఉపాయం తట్టిందన్న మురిపెం కూడా కాస్త ఉంది, దాచను. ఎవరూ నవ్వలేదు. పెద్దలు ఒకరినొకరు చూసుకున్నారు. మరిడమ్మ నా గెడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది.

"నిజంగానే అంటున్నావా అమ్మా? సచ్చినోళ్ళు మళ్ళీ రారు."

సరే అన్నాను. ఈ సరే కూడా అంతే తేలిగ్గా అన్నాను.

ఫైలు 101. చిత్రం లేదు.

నన్ను మరిడమ్మ పంటు మీద పడుకోబెట్టారు. నిజం శవానికి చేసినట్టే పసుపునీళ్ళు పోశారు. ఇక్కడ ఆడశవానికి నుదుటి నిండా కుంకుమ పెడతారు. తడి కుంకుమ ముద్ద నా బొట్టు మీద పడింది. కెమెరా మొత్తం ఎరుపైపోయింది. ఈ ఫైలులో మొదటి నుంచీ చివరిదాకా ఆ ఎరుపు ఒక్కటే ఉంది.

నాకు వండిపెట్టింది కాబట్టి ధనకొండే నా తరపు మనిషి. నా తల పక్కన కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టింది. మొదట నా కోసం ఏడ్చింది. నా వంట ఒక్కనాడైనా బాగుందని అన్నావా అంది. తలంటు పోసుకుంటుంటే కూడా నీ నుదురు నావైపే ఉండేది అంది. నేను నవ్వితే నవ్వు చూడలేదు, వీడియోలో పడిందో లేదో చూసుకున్నావు అంది. జ్వరం వచ్చి పడుకుంటే నా నుదుటి మీద తడిగుడ్డ వేసింది నువ్వే అని కూడా అంది. అది నేను మర్చిపోయాను. కళ్ళు తెరవకూడదు. తెరవకుండానే కళ్ళ చివర్ల నుంచి చెవుల్లోకి నీళ్ళు కారాయి.

ఆ తర్వాత అడగాల్సింది అడిగింది. మోకు నరికేముందు మా అమ్మ ఏమంది మావయ్యా అంది.

మగవాళ్ళు శోకంలో నోరు విప్పరు. అయినా ఎవరో వచ్చి నా కాళ్ళ దగ్గర కూలబడ్డారు. నాగూరు చెప్పాడు.

ఆ మాట ఇక్కడ రాయను. ఈ ఫైలులో గొంతుల్ని చెరిపేశాను. దాన్ని విని ధనకొండ ఎలా ఏడ్చిందో కూడా రాయను. అందరూ పుక్కిలించి ఉమ్మిన చప్పుడు విన్నాను. కాసేపటికి మోకు బిగుస్తున్నప్పుడు వచ్చే కిర్రుమనే శబ్దం విన్నాను. గొంతుల్ని బట్టి తెలిసింది, ఆ ముడి కడుతున్నవాడు నాగూరు. మోకు రెండో కొస పట్టుకున్నది ధనకొండ.

నన్ను నీళ్ళలో వెయ్యలేదు. నా పంటు దాకా మోసుకొచ్చి, పడుకోబెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయారు.

ఫైలు 104. తుఫాను దాటింది.

అయిపోయిందనుకుని మర్నాడు లేచి మొహం కడుక్కుని మరిడమ్మ దగ్గరికి వెళ్ళాను. ఎలా ఉన్నావు పిన్నీ అన్నాను. ఆమె నాలోంచి చూసింది. పలకరిస్తే ఎవరూ పలకలేదు. దారికి అడ్డం నిలబడితే చుట్టూ తిరిగి వెళ్ళారు. చేపలు ఆరేసే ఆడవాళ్ళ ముందు గాలిపటం కావాలనే నీళ్ళలో పడేశాను. ఎవరూ నవ్వలేదు. సచ్చినోళ్ళు మళ్ళీ రారు అని మరిడమ్మ చెప్పినప్పుడు అది హెచ్చరిక అనుకోలేదు, సామెత అనుకున్నాను.

తుఫాను రోజున అందరూ నడిమి పంటులోకి చేరారు. నన్ను పిలవలేదు. నా పంటు మీద స్తంభానికి నన్ను నేను కట్టుకుని, అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. గాలి తగ్గాక చూస్తే నా పంటుకి రెండు కొత్త మోకులు ఉన్నాయి. ముడి నాగూరుది. ఆ గాలిలో ఎప్పుడు వచ్చి కట్టాడో తెలియదు. థాంక్స్ చెప్పడానికి వెళ్తే నా మొహం మీదుగా ఆకాశం చూసి, ఇంక వాన రాదులే అని ఎవరితోనో అన్నాడు.

ధనకొండ రోజూ నా పంటు అంచున ఆకులో అన్నం పెట్టి వెళ్తుంది. పెద్ద దినం, అంటే పెద్దకర్మ రోజు దాకా పోయినవాళ్ళకి అలా పెడతారు. ఆకు ఖాళీ అయితే తీసుకెళ్తుంది. నాకేసి చూడదు.

ఫైలు 109. పొద్దుటి పోటు.

గాలిపటం మొదటిసారికే లేచింది. తుఫాను తర్వాత తీసిన ఫైళ్ళకి విభాకర్ గారి జవాబు ఇది: "అద్భుతం. ఇన్నాళ్ళకి సాధించారు. ఒక్కరికీ కెమెరా ఉందన్న స్పృహే లేదు. తగాదా పడుతున్నారు, తలలు దువ్వుకుంటున్నారు, పిల్లల్ని కొడుతున్నారు, ఎవరూ లేనట్టే ఉన్నారు. ఇలా ఎలా తీయగలిగారో పద్ధతి వివరంగా రాయండి. మిగతావాళ్ళకి పాఠంగా పెడదాం."

పద్ధతి రాయలేదు. లాంచీ పంపమని మాత్రం రాశాను.

ఫైలు లేదు. పెద్ద దినం.

లాంచీ మధ్యాహ్నానికి వస్తుందట. పొద్దున్నే బొట్టు తీసి పెట్టెలో పెట్టాను. ఇది కెమెరాలో లేదు, కాబట్టి సంగ్రహంలోకి ఎక్కదు.

ధనకొండ వచ్చింది. ఇవాళ ఆకు పెద్దది. అన్నం, చేపల పులుసు, బెల్లం ముక్క. ఇవాళ ఒక్కరోజే పోయినవాళ్ళతో మాట్లాడవచ్చు, అదీ నీళ్ళవైపు తిరిగి. ఆమె ఆకు పెట్టి, సముద్రానికేసి తిరిగి కూర్చుంది.

"ఉప్పు తక్కువే ఏశాను అక్కా. ముళ్ళు సూసుకుని తిను. తినేసి ఎల్లిపో."

క్షమించమన్నాను. బాగా వండావు, ఎప్పుడూ బాగానే వండావన్నాను. ఆమె వీపు కదలలేదు. చచ్చినవాళ్ళ మాట ఇక్కడ ఎవరికీ వినిపించదు. కాసేపటికి లేచి, తన పంటు మీదికి దాటి, తెరలా వేలాడే గోనెపట్టా వెనక నిలబడింది. పెద్ద దినం నాడు కాకి ముట్టేదాకా ఇంటివాళ్ళు అలాగే దూరంగా నిలబడి చూస్తారు. ముట్టకపోతే పోయినవాళ్ళకి ఇంకా ఏదో బాధ మిగిలిందని అర్థం.

కూర్చున్నాను. ముళ్ళు ఏరుకుంటూ మొత్తం తిన్నాను. పులుసులో ఉప్పే లేదు, చప్పగా ఉంది, చివరి మెతుకు దాకా తిన్నాను.

గోనెపట్టా వెనక ఆమె గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. తర్వాత వచ్చి ఖాళీ ఆకు తీసి, మడిచి, నీళ్ళలో వదిలి, చేతులు కడుక్కుని వంటకి వెళ్ళింది.